ఎలుక నాళాలు చూడ్డానికి సీసం చుక్కలు కావాలా, ఐసీజీ చాలదా?

రెండో_ఏడాది: ఎలుక కాలి రక్తనాళాలను 1000 నానోమీటర్లు దాటిన ఇన్‌ఫ్రారెడ్‌లో చూడాలి. మా గైడ్ లెడ్ సల్ఫైడ్ క్వాంటమ్ డాట్స్ (కాంతి పడితే వెలిగే, సీసంతో చేసిన అతి చిన్న గింజలు) చెయ్యమంటున్నారు. పక్క ల్యాబ్ వాళ్లేమో ఐసీజీ (ఇండోసయనిన్ గ్రీన్) అనే వెలిగే రంగు చాలంటున్నారు. ఏది మేలు?

కాంతిపురుగు: డాట్సే. 1000 దాటితే కాంతి కణజాలంలో తక్కువ చెదురుతుంది, ఒంటి సొంత మెరుపూ తగ్గుతుంది. 2009లో స్టాన్‌ఫర్డ్‌లో హాంగ్‌జీ డాయ్ బృందం కార్బన్ నానోట్యూబులతో (అతి సన్నని కార్బన్ గొట్టాలు) బతికున్న ఎలుకల్లోనే చూపించింది. ఐసీజీ వెలిగేది 800 చుట్టుపక్కల. ఇక్కడ దానికేం పని?

ఎలుకల_గది: ఐసీజీ వెలుగుకున్న తోక మరిచారు సార్. పలచగానైనా అది 1000 దాటి సాగుతుంది. 1000 దాటిన కాంతిని చూడగల ఇండియం గాలియం ఆర్సెనైడ్ కెమెరాకు అది చాలు. అమెరికాలో 1959లోనే మనుషులకు అనుమతి వచ్చిన రంగు.

కాంతిపురుగు: తోక తోకే, తల కాదు. పైగా నిమిషాల్లో లివర్ లాగేసుకుంటుంది. గంటసేపు చూడాలంటే?

ఎలుకల_గది: మళ్లీ ఎక్కించండి. మీ డాట్స్ అయితే లివర్‌లో, ప్లీహంలో కాపురం పెడతాయి. మూత్రంలో పోవాలంటే 5.5 నానోమీటర్లు మించకూడదని 2007లోనే తేలింది.

కాంతిపురుగు: 5.5 అంటే లోపలి గింజా, పైపూతతో కలిపా?

ఎలుకల_గది: పూతతోనే. ద్రవంలో ఉండే సైజు.

కాంతిపురుగు: అదీ! మైక్రోస్కోప్‌లో కనిపించే సైజు కాదన్నమాట. ముందే అలా రాయాలి కదా.

దారినపోయేవాడు: మూడు రోజులుగా సైజు పంచాయితీ. అడిగినవాళ్లు ఉన్నారా, పోయారా?

ఎలుకల_గది: నా ఐసీజీ పేపర్‌ను రివ్యూయర్ "కొత్తదనం లేదు" అని రెండు లైన్లలో తిప్పికొట్టాడు. డాట్స్ పెట్టుంటే దాటేసేది.

కాంతిపురుగు: మీ ఏడుపు రివ్యూయర్ మీదా? మరి మా డాట్స్‌ను ఎందుకు తిడుతున్నారు?

ఎలుకల_గది: ఏడుపే. బోనులు కడిగేది నేను. కొత్త కణం వచ్చినప్పుడల్లా ఇంకో గుంపు ఎలుకలు, వారాల తరబడి కాపలా, చివర్లో లివర్ కోసి చూడటం. ఆ కణం పేపర్ దాటి ఎక్కడికీ పోదు. మళ్లీ ఇంకో కణం.

కాంతిపురుగు: అందరూ అలా అనుకుంటే కార్నెల్ యూనివర్సిటీ సిలికా చుక్కలు 2014 నాటికి మెలనోమా (చర్మ క్యాన్సర్) రోగుల దాకా వచ్చేవా?

ఎలుకల_గది: అవి సిలికా, సీసం కాదు. వెలిగేది 700 లోపే. మీ 1000కీ వాటికీ సంబంధం లేదు.

కాంతిపురుగు: నేనడిగింది అది కాదు. అసలు ప్రయత్నించొద్దంటారా?

ఎలుకల_గది: ఎవరి ఎలుకలతో?

రెండో_ఏడాది: గైడ్‌ని కనుక్కున్నాను. మా దగ్గరున్నది సిలికాన్ కెమెరాయేనట. 1000 దగ్గరికొచ్చేసరికి దానికి చూపు ఆనదు.

ఎలుకల_గది: ఐసీజీతో 800లోనే తీసెయ్యి తల్లీ. ముందు వెంట్రుకలు గొరగడం మరవకు.

కాంతిపురుగు: వద్దు, ఆగండి. కెమెరా ఎవరైనా ఇస్తారేమో అడుగుతాను.