కళ్ళద్దాలతో వింబుల్డన్ గెలిచిన డ్రాబ్నీ గురించి ఎవరికైనా తెలుసా?

తిరుపతి అమ్మ:
మా పాపకు పన్నెండేళ్ళు, ఎడమచేతి వాటం. రెండేళ్ళుగా టెన్నిస్ నేర్చుకుంటోంది. పోయిన నెల కళ్ళద్దాలు వచ్చాయి. అప్పట్నుంచి రాకెట్ ముట్టుకోవడం లేదు. "అద్దాలు పెట్టుకొని ఎవరు ఆడతారమ్మా" అని ఏడుస్తోంది. మా నాయనకు ఎనభై తొమ్మిదేళ్ళు. మద్రాసులో చదువుకునేటప్పుడు, డ్రాబ్నీ అనే ఆయన అద్దాలతోనే వింబుల్డన్ గెలిచాడని పేపర్లో చూశానంటున్నారు. నిజమేనా? పాపకు చెప్పాలి.

చిత్తూరు డ్రిల్లు మాస్టరు (రిటైర్డ్):
నిజమేనమ్మా. అది 1954. ఆ ఏడే మన మద్రాసు రామనాథన్ కృష్ణన్ వింబుల్డన్ బాలుర టైటిల్ గెలిచాడు, నాయన గారు పేపరు చూసింది అందుకేనేమో.

యారోస్లావ్ డ్రాబ్నీది ప్రాగ్, అప్పటి చెకోస్లొవేకియా రాజధాని. చిన్నప్పుడు టెన్నిస్ క్లబ్బులో బంతులు అందించేవాడు. పాపకు ముందు ఇది చెప్పండి: ఆయనదీ ఎడమచెయ్యే. ఐస్ హాకీ కూడా ఆడేవాడు, 1948 ఒలింపిక్స్‌లో వెండి పతకం వచ్చింది. ఆ హాకీలోనే కంటికి దెబ్బ తగిలి అద్దాలు వచ్చాయి.

1949లో స్విట్జర్లాండ్‌లోని గ్స్టాడ్‌లో ఆడుతుంటే, టోర్నమెంటు వదిలి వచ్చేయమని చెకోస్లొవేకియా ప్రభుత్వం ఆదేశించింది. ఆయన, తోటి ఆటగాడు చెర్నిక్ ఇద్దరూ ఇంటికి వెళ్ళలేదు. చివరికి డ్రాబ్నీకి ఈజిప్టు పౌరసత్వం ఇచ్చింది. 1951, 52లో ఫ్రెంచ్ టైటిళ్ళు గెలిచాడు గానీ వింబుల్డన్ మాత్రం అందలేదు. 1949లో, 1952లో ఫైనల్ దాకా వచ్చి ఓడాడు. 1953లో అమెరికా ఆటగాడు బడ్జ్ ప్యాటీతో ఒక్క మ్యాచే 93 గేములు సాగింది. అది గెలిచినా కప్పు రాలేదు.

1954లో ఆయన వయసు 32, సీడింగు (టోర్నమెంటుకు ముందు ఇచ్చే ర్యాంకు) 11. ఫైనల్లో ఎదురుగా 19 ఏళ్ళ ఆస్ట్రేలియా కుర్రాడు కెన్ రోజ్‌వాల్. 13-11, 4-6, 6-2, 9-7 సెట్లతో డ్రాబ్నీయే గెలిచాడు. ఆ అంకెలు చూస్తే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత ఇంగ్లాండ్‌లోనే ఉండిపోయి, 2001లో కన్నుమూశాడు.

మదనపల్లె నుంచి:
అక్కా, మార్టినా నవ్రతిలోవా గురించి కూడా చెప్పు. ఆమె పుట్టిందీ ప్రాగ్‌లోనే, ఎడమచెయ్యే, దేశం వదిలి అమెరికా వెళ్ళింది. 1990లో అద్దాలతోనే తొమ్మిదోసారి వింబుల్డన్ గెలిచింది. పాపకు పాలీకార్బొనేట్ అద్దాలు వేయించు, బంతి తగిలినా సులభంగా పగలవు. వెనక ఎలాస్టిక్ బెల్టు కూడా పెట్టించు.

తిరుపతి అమ్మ:
మాస్టారూ, మీరు రాసింది నాయన చేతే చదివించాను. పాప రెండుసార్లు చదివించుకుంది. తమ్ముడూ, గాంధీ రోడ్డులో రెండు షాపుల్లో అడిగాను, పిల్లల సైజు బెల్టు లేదన్నారు. ఇక్కడ ఇంకెక్కడ దొరుకుతుంది?