కేఎల్‌ఎఫ్ ‘చిల్ ఔట్’ (1990): దీన్ని ఎలా వినాలి?

నిద్రరానివాడు:
బ్రిటన్ జంట కేఎల్‌ఎఫ్ చేసిన ఈ ఆల్బమే యాంబియంట్ హౌస్‌కు (క్లబ్బు నృత్య సంగీతం నుంచి పుట్టిన నెమ్మదైన శైలికి) మూలస్తంభమని చదివి నిన్న రాత్రి పెట్టుకున్నాను. 44 నిమిషాలు. రైళ్లు, గొర్రెలు, రేడియోలో పాస్టరుగారి ప్రసంగం. పాట ఎప్పుడు మొదలవుతుందా అని చూస్తుండగానే అయిపోయింది. ఇందులో అంత గొప్ప ఏముంది? వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాను.

పాతక్యాసెట్:
పాట కోసం కూర్చోవడమే చిక్కండీ. 1989లో లండన్‌లోని హెవెన్ క్లబ్బులో, పెద్ద హాలు దద్దరిల్లుతుంటే, విడిగా ఒక గదిలో కేఎల్‌ఎఫ్‌లోని జిమ్మీ కాటీ, ‘ది ఆర్బ్’ బృందానికి చెందిన అలెక్స్ పాటర్సన్ కలిసి డ్రమ్ముల్లేని సంగీతం వేసేవారు. ఆడి ఆడి అలసిపోయినవాళ్లు అక్కడికి వచ్చి చేరగిలబడేవారు. ఈ ఆల్బమ్ ఆ గదికి చుట్టం. కాటీ, కేఎల్‌ఎఫ్‌లో అతని జోడీ బిల్ డ్రమ్మండ్ ఇద్దరూ దీన్ని తమ స్టూడియోలో ఒకే విడతలో చేశామని చెప్పారు. రెండు డాట్ (డిజిటల్ టేపు) మిషన్లు, ఒక రికార్డు ప్లేయరు, క్యాసెట్ డెక్కులు, ఒక మిక్సర్. చివర్లో చెయ్యి జారినా మళ్లీ మొదటి నుంచే.

హైవే77:
నేను హ్యూస్టన్‌లో ఉంటాను. ఈ ఆల్బమ్ టెక్సస్ నుంచి లూసియానాకు ఒక రాత్రి ప్రయాణం, శీర్షికల్లోని ఊళ్లన్నీ మా దారే! బ్రౌన్స్‌విల్, రికార్డో, లేక్ జాక్సన్, బోమంట్, బాటన్ రూజ్. నిరుడు పని మీద బ్రౌన్స్‌విల్ వెళ్లి, తిరుగు ప్రయాణం చీకటి పడ్డాక పెట్టుకుని దీన్ని విన్నాను. సరీటా దగ్గర సరిహద్దు గస్తీవాళ్ల చెక్‌పోస్టు ఉంటుంది. కాగితాలు చూపించి బయటపడ్డాక రికార్డో వస్తుంది. ఆ వెంటనే వచ్చే శీర్షికకు ‘లూసియానాకు ఆరు గంటలు, కాఫీ చల్లారిపోతోంది’ అని అర్థం. లెక్క వేసి చూశాను. రికార్డో నుంచి లూసియానా సరిహద్దు దాకా ఆగుతూ వెళ్తే దాదాపు అంతే పడుతుంది! డ్రమ్మండ్ మాత్రం ఆ ఊళ్లకు ఎన్నడూ వెళ్లలేదట, మ్యాపు చూసి ఊహించుకున్నాడట.

ఒక్కటే తేడా. ఆ దారిలో నాకు గొర్రె కనిపించలేదు. కింగ్స్‌విల్ చుట్టూ పశువుల మేత భూములు, హ్యూస్టన్ దాటాక విన్నీ దగ్గర వరి పొలాలు (పగలు చూస్తే గోదావరి జిల్లాలు గుర్తొస్తాయి), ఆ పైన బోమంట్ రిఫైనరీల దీపాలు. గొర్రెలు ఇంగ్లండు నుంచి వచ్చి ఎక్కినట్టున్నాయి.

పాతక్యాసెట్:
అట్ట మీద ఉన్నవీ అవే కదా. రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1970 ఆల్బమ్ ‘ఆటమ్ హార్ట్ మదర్’ అట్ట మీది ఆవుకు అది సరదా జవాబు.

సగంరాగం:
నాకు ఇందులో ప్రాణం గ్రాహమ్ లీ వాయించిన పెడల్ స్టీల్ గిటారు (తీగల మీద ఉక్కు కడ్డీ జరుపుతూ వాయించేది). తీగ మీద జారుతూ వచ్చి, ఎక్కడా వాలకుండా వెళ్లిపోతుంది. ఆ జారుడు మీదుగా ఎల్విస్ ప్రెస్లీ పాట ‘ఇన్ ద ఘెట్టో’ దూరపు రేడియో స్టేషన్ అందినట్టు తేలి వచ్చినప్పుడు నాకు ఒళ్లు జలదరిస్తుంది. అదే పాటను విడిగా వింటే ఏమీ కాదు.

ఒక హెచ్చరిక. నా దగ్గరున్న ఫైళ్లు 14 ముక్కలు. ఫోను ప్రతి ముక్కకూ మధ్య అర సెకను ఆగేది. సాగుతున్న రైలు చప్పుడు టక్కున తెగి మళ్లీ అతుక్కునేది. ఏడాది పాటు అది వాళ్ల పనితనమే అనుకుని మెచ్చుకున్నాను! అన్నీ కలిపి ఒకే ఫైలు చేసుకున్నాకే అసలు సంగతి తెలిసింది.

నిద్రరానివాడు:
2021లో వచ్చిన ‘కమ్ డౌన్ డాన్’ వింటే సరిపోదా?

సగంరాగం:
అది దీన్నే మార్చి కట్టినది. అనుమతి లేని శాంపిళ్లు (ఇతరుల రికార్డుల నుంచి తీసుకున్న ముక్కలు) తీసేశారు, ఎల్విస్ లేడు. దారి కూడా వేరు, బ్రూక్లిన్ నుంచి మెక్సికో సిటీకి. చెడ్డది కాదు గాని, నాకు అద్దెకిచ్చిన ఇంట్లో ఉన్నట్టుంది. 1992లో వాళ్లే తమ రికార్డులన్నీ అమ్మకం నుంచి తీసేశారు కాబట్టి పాతది కావాలంటే సెకండ్ హ్యాండ్ కాపీలు వెతుక్కోవాల్సిందే.

హైవే77:
ముందు పాతదే వినండి. స్పీకరులో, పక్క గదిలో ఎవరో రేడియో పెట్టుకున్నంత శబ్దంతో. లైటు తీసేయండి.

నిద్రరానివాడు:
రాత్రి మీరు చెప్పినట్టే పెట్టాను. ఎల్విస్ దాకా మెలకువగా ఉన్నాను, ఆ తర్వాత తెలియదు. పొద్దున మా ఆవిడ అడిగింది, అపార్టుమెంటు కింద ఎవరో గొర్రెలు కట్టేశారా అని.