పెద్ద వయసులో కండబలానికి నడక ఒక్కటే సరిపోతుందా?

మా అమ్మగారికి 68 ఏళ్లు. రోజూ ఉదయం అరగంట నడుస్తారు, వేళకు నిద్రపోతారు, రక్తపోటు మందులు తప్పకుండా వేసుకుంటారు. అయినా ఈ మధ్య కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ గట్టిగా ఆనించి, ముందుకు వంగి, ఊపిరి బిగబడితే గాని లేవలేకపోతున్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ప్రకటించిన మార్గదర్శకాల ప్రకారం, 65 ఏళ్లు పైబడినవారు వారానికి 150 నుంచి 300 నిమిషాల పాటు ఒక మోస్తరు శారీరక శ్రమ చేయడంతో పాటు, కనీసం 2 రోజులు కండరాలను బలపరిచే వ్యాయామాలు, 3 రోజులు తూలిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలి. వయసుతో పాటు కండ తరగడం సహజమే గానీ, ఆ తరుగుదలను అడ్డుకోవడానికి నడక ఒక్కటే చాలదని నాకు అర్థమైంది. పడిపోయి తుంటి ఎముక విరిగితే ఆ వయసులో మళ్లీ కోలుకోవడం ఎంత కష్టమో తెలుసు కనుక నా ఆందోళనంతా దాని గురించే.

చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తి నిలబడటం వంటి వాటితో మొదలుపెట్టించాలని అనుకుంటున్నాను. అయితే ఆవిడకు మోకాళ్ల నొప్పులున్నాయి. అలాంటి వారికి ఇవి తగినవేనా, ముందుగా ఫిజియోథెరపిస్టుకు చూపించడం తప్పనిసరా? మీ ఇంట్లో పెద్దవారికి ఇలాంటివి అలవాటు చేసినవారు ఉంటే, ఏ క్రమంలో పెంచుకుంటూ వెళ్లారో దయచేసి వివరంగా రాయగలరు. "రోజూ నడుస్తూనే ఉన్నాను కదా, ఇంకా ఎందుకు?" అనే మనిషిని, నొప్పించకుండా ఎలా ఒప్పించారో కూడా చెప్పండి.