రొయ్యల చెరువు గట్ల పనికి గమ్‌బూట్లు: ఆరేడు నెలలకే మడత దగ్గర చీలిపోతున్నాయి, ఏవి కొనాలి?

గట్టుదారి:
పశ్చిమ గోదావరి జిల్లా ఉండి ఊరి దగ్గర రొయ్యల చెరువులండి. నలుగురు పనివాళ్లకి గమ్‌బూట్లు కొనాలి. గట్ల మీద మేత బస్తాలు మోయడం, చెక్‌ట్రేలు (రొయ్యలు మేత ఎంత తిన్నాయో తెలిపే పళ్లేలు) చూడటం, సున్నం, బ్లీచింగ్ చల్లడం, తూము దగ్గర దిగడం, ఇదీ పని. వానపడితే గట్టంతా జిగట బంక. ఇప్పటిదాకా వాడినవి నల్ల పీవీసీ బూట్లు. ఆరేడు నెలలకి పాదం పైన మడత పడే చోట అడ్డంగా చీలుతున్నాయి. ఒక జత మడమ వెనక చిరిగింది. సైకిల్ పంక్చర్ సొల్యూషన్‌తో అతికిస్తే రెండు రోజులకే ఊడొచ్చింది. సర్కారు తుమ్మ ముళ్ల బెడద కూడా ఉంది. రబ్బరువి తీసుకోవాలా, మందం పీవీసీవి చాలా? స్టీలు ముక్కు అవసరమా? సైజు ఎలా చూడాలి?

రేగడిబాట:
మందం చూసి మోసపోవద్దండి. పీవీసీ పుట్టుకతో గట్టి సరుకు, పైపులు చేసేది దానితోనే. బూటుకి కావలసిన మెత్తదనం కోసం అందులో నూనెలాంటి పదార్థం కలుపుతారు. ఎండకీ, డీజిలు తగిలినప్పుడూ అది మెల్లగా బయటికి పోతుంది. పోయాక బూటు బిరుసెక్కుతుంది, రోజుకి వేలసార్లు మడతపడే చోటే ముందు చీలుతుంది. ధర తగ్గించడానికి సుద్దపొడి ఎక్కువ పోసిన సరుకైతే ఇంకా త్వరగా. కొట్లోనే తెలుసుకోవచ్చు: బూటుని చీలమండ దగ్గర గట్టిగా వంచి పది లెక్కపెట్టి వదలండి. మడత మీద తెల్లటి గీత పడి అలాగే ఉండిపోతే పక్కన పెట్టేయండి.

సహజ రబ్బరు మడతకి బాగా ఆగుతుంది, అతుకు కూడా నిలుస్తుంది. కానీ డీజిలు, ఇంజనాయిలు తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. బ్లీచింగ్ పొడి కూడా దాన్ని తినేస్తుంది. మీ పనిలో బ్లీచింగ్ ఉంది, ఇంజన్లుంటే డీజిలూ తగులుతుంది కాబట్టి నా మాట నైట్రైల్ (నూనెకి ఆగే కృత్రిమ రబ్బరు) కలిపిన పీవీసీ. నూనెలకి ఆగుతుంది, మామూలు పీవీసీ అంత త్వరగా బిరుసెక్కదు. నియోప్రీన్ బూట్లు చలిదేశాల వాళ్లకోసం చేసినవి, మన ఎండలో వాటి జోలికి పోవద్దు. పాలియూరితేన్ తేలిగ్గా ఉంటుంది గానీ ఏళ్ల తరబడి గోడౌన్‌లో తేమకి ఉన్న సరుకు వాడకుండానే పొడిగా రాలిపోతుంది. అడుగున తయారీ నెల, సంవత్సరం అచ్చు ఉంటే చూసి మరీ కొనండి.

పీవీసీ బూట్లకి ఐఎస్ 12254, రబ్బరు వాటికి ఐఎస్ 5557 ప్రమాణాలు. ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ నంబరు ఉంటుంది, దాన్ని భారత ప్రమాణాల సంస్థ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో వస్తుంది.

తుమ్మముల్లు:
ముళ్ల సంగతి. ఐఎస్‌ఓ 20345 (రక్షణ బూట్ల అంతర్జాతీయ ప్రమాణం) గుర్తున్న బూట్లలో ఎస్4 అంటే ముక్కుకి రక్షణ టోపీ ఉంటుంది, ఎస్5 అంటే అడుగున గుచ్చుకోకుండా పొర కూడా. గట్టు పనికి అసలు కావలసింది ఆ పొర. ముక్కు టోపీ 200 జూళ్ల దెబ్బకి పరీక్ష చేసింది. మోటార్లు, ఏరేటర్ (చెరువు నీళ్లలో గాలి కలిపే యంత్రం) ఫ్రేములు ఎత్తేవాళ్లకి అది ఉండాలి, మేత వేసేవాళ్లకి లేకపోయినా నష్టం లేదు.

పొరలో రెండు రకాలు: స్టీలు రేకు, గట్టి నేత గుడ్డ. ఉప్పునీళ్ల చెరువైతే స్టీలు రేకుతో జాగ్రత్త. లోపలి అస్తరు చిరిగి నీరు దిగితే తుప్పు పడుతుంది, పైకి కనబడదు. గుడ్డ పొర తుప్పుపట్టదు, అడుగు బాగా వంగుతుంది. అయితే ప్రమాణంలో 2022 కూర్పు నుంచి గుడ్డ పొరలకి రెండు గుర్తులొచ్చాయి. పీఎల్ అంటే 4.5 మిల్లీమీటర్ల మేకుతో పరీక్ష, పీఎస్ అంటే 3 మిల్లీమీటర్ల మేకుతో. తుమ్మముల్లు సన్నం కాబట్టి పీఎస్ అడగండి. అప్పుడైనా పొర పాదం కింద భాగాన్నే కాస్తుంది. పక్కనుంచి గుచ్చుకునే ముల్లుని ఆపదు.

బూటు అడుగున గాడులు లోతుగా, ఎడంగా ఉండాలి. దగ్గరదగ్గర గాడుల్లో బంకమట్టి ఇరుక్కుని రెండడుగుల్లో నున్నటి పలకైపోతుంది, గట్టు వాలులో జారేది అందుకే. మడమకి విడిగా మెట్టు ఉన్న అడుగైతే వాలు దిగేటప్పుడు పట్టు దొరుకుతుంది.

గట్టుదారి:
ఎస్5 పీఎస్, నైట్రైల్ కలిపింది. రాసుకున్నానండి. మడమ వెనక చిరగడం, అతుకు ఊడటం ఎందుకో ఎవరైనా చెప్పండి.

పంచరుపెట్టె:
మడమ వెనక చిరిగేది నడకలో కాదు, విప్పేటప్పుడు. ఒక కాలితో రెండో బూటు మడమ తొక్కి లాగుతారు చూడండి, ఆ దెబ్బకే. ఒక చెక్కముక్క చివర వీ ఆకారంలో కోసి, ఆ చివర కింద రెండంగుళాల ముక్క కొట్టండి. ఒక కాలు చెక్కమీద వేసి, రెండో కాలి మడమ ఆ గాడిలో ఇరికించి లాగితే బూటు ఊడొస్తుంది. షెడ్డు గుమ్మంలో ఒకటి ఉంటే నలుగురికీ సరిపోతుంది.

పంక్చర్ సొల్యూషన్ రబ్బరుకి మాత్రమే పట్టుకుంటుంది, పీవీసీకి పట్టదు. పైపుల సొల్యూషన్ పట్టుకుంటుంది గానీ ఆరాక గాజులా గట్టిపడి మడత దగ్గర మళ్లీ పగులుతుంది. పీవీసీ టార్పాలిన్లకి వాడే మెత్తటి వినైల్ జిగురు తీసుకోండి. రబ్బరు బూటైతే: కడిగి ఒక రోజంతా ఆరబెట్టాలి. చిరుగు చుట్టూ రెండు సెంటీమీటర్ల మేర ఉప్పుకాగితంతో గరుకు చేయాలి. ట్యూబు ముక్క మూలలు గుండ్రంగా కోయాలి, కోణాలుంటే అక్కడినుంచే లేస్తుంది. బూటుకీ ముక్కకీ సొల్యూషన్ పల్చగా రాసి, వేలికి అంటనంతగా ఆరాక అతికించి సుత్తితో కొట్టి, మర్నాటిదాకా తొడగకూడదు. తొందరపడి తడి సొల్యూషన్ మీదే అంటించడమే సగం అతుకులు ఊడిపోవడానికి కారణం. పాదం పైన మడతమీద చీలిక మాత్రం ఎంత బాగా అతికించినా ఎక్కువకాలం నిలవదు, ఆ జత మార్చేయండి.

సైజు సాయంత్రం కొలవండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. కాగితం మీద నిలబెట్టి మడమ నుంచి పొడుగాటి వేలిదాకా కొలిచి, బూటు లోపలి పొడవు దానికన్నా 10–15 మిల్లీమీటర్లు ఎక్కువుండేలా తీసుకోండి. మేజోడు తొడిగే చూడాలి. గొంతుకూర్చుని లేవమనండి, పైఅంచు మోకాలి వెనక గుచ్చుకుంటే ఎత్తు ఎక్కువ. పని అయ్యాక బ్లీచింగ్, సున్నం మంచినీళ్లతో కడిగేసి, లోపలి అట్ట తీసి, నీడలో బోర్లించండి. ఎండలో పెడితే రేగడిబాట గారు చెప్పిన ఆ బిరుసుదనం మీ చేతులతోనే తెచ్చుకున్నట్టు. ఒక్కో మనిషికి రెండు జతల అట్టలుంటే తడివి తొడగక్కర్లేదు, వేళ్ల సందులు ఒరవవు.

రేగడిబాట:
రెండు విషయాలు ఇంకా ఉన్నాయి, మొదటిది ప్రాణంతో పని. మామూలు గమ్‌బూట్లు కరెంటు షాకు ఆపుతాయని ఎవరికీ చెప్పకండి. నల్ల రబ్బరులో కలిపే కార్బన్ కరెంటుని పారనిస్తుంది, తడిస్తే ఏ బూటునీ నమ్మకూడదు. ఏరేటర్ లైనుకి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) పెట్టి, దాని టెస్టు మీట నెలకోసారి నొక్కి చూడండి. మెయిన్ ఆపకుండా ఏరేటర్ మీద చెయ్యి వేయనివ్వకండి.

రెండోది తూము. నీరు బూటు అంచుకి నాలుగు వేళ్లు కిందుండగానే ఆగిపోవాలి. నిండిన బూటు నీళ్లలో ఉన్నంతసేపు అంత బరువు తెలియదు, గట్టెక్కేటప్పుడు కాలు లేవదు, కింద బురద పట్టేస్తుంది. అంతకన్నా లోతు పనికి ఛాతీదాకా వచ్చే వేడర్ వేరే ఉండాలి, నడుం బెల్టు బిగించి వాడాలి. బెల్టు లేకపోతే జారిపడగానే కాళ్లదాకా నిండుతుంది.

గట్టుదారి:
ఏరేటర్ లైనుకి ఆర్‌సీసీబీ లేదండి, బూట్లకన్నా ముందు అది పెట్టిస్తాను. ఒక్క వేడర్ కూడా తీసుకుంటాను. దమ్ము చేసిన వరిచేలోకి కూడా ఇవే బూట్లు పనికొస్తాయా?

తుమ్మముల్లు:
పనికిరావండి. దమ్ము బురదలో వదులు బూటు అక్కడే ఉండిపోయి కాలు బయటికొస్తుంది. దానికి పాదానికి అతుక్కునే పల్చటి రబ్బరు బూట్లు, చీలమండ దగ్గర పట్టీ ఉన్నవి వేరే ఉంటాయి. కాలు లాగేటప్పుడు ముందు మడమ పైకి ఎత్తి సందులోకి గాలి పోనివ్వాలి, అప్పుడు బురద వదులుతుంది.