పోకర్ కొత్తగా నేర్చుకునేవాళ్లు ఫ్రీ చిప్స్‌తో ఆడాలా, డబ్బు పెట్టి ఆడాలా?

కొత్తచేయి:
న్యూజెర్సీ వచ్చి ఇంకా ఏడాది కాలేదు. మా ఆఫీసులో తెలుగువాళ్లు కొందరు శనివారం రాత్రి ఒకళ్ల ఇంట్లో పోకర్ ఆడతారు, మనిషికి 20 డాలర్లు. నాకు రమ్మీ బాగానే వచ్చు. పోకర్‌లో ఏ చేయి (అంటే ఏ ముక్కల కలయిక) దేనికన్నా పెద్దదో మాత్రం కంఠతా పట్టాను. వాళ్లతో కూర్చునే ముందు ఆన్‌లైన్‌లో ప్రాక్టీస్ చేద్దామనుకుంటున్నా. ఫ్రీ చిప్స్ (సైటు ఊరికే ఇచ్చే ఉత్తుత్తి డబ్బు) సరిపోతాయా, లేక ఇక్కడ లైసెన్సు ఉన్న సైట్లలో సెంట్ల టేబుల్ మీద నిజం డబ్బుతోనే మొదలుపెట్టాలా? రెండూ ఆడినవాళ్లు చెప్పండి.

ఎడిసన్‌రావు:
తమ్ముడూ, ఫ్రీ చిప్స్ జోలికి పోకు. రమ్మీ వచ్చన్నావు కాబట్టి రమ్మీలోనే చెబుతా. ముక్కలు బాగోకపోతే 20 పాయింట్లకి డ్రాప్ అయిపోతాం. ఎందుకు? ఫుల్ కౌంట్ పడితే 80 కట్టాలన్న భయం. పాయింటుకి పైసా కూడా లేదనుకో, ఎవడు డ్రాప్ చేస్తాడు? చివరిదాకా లాగుతాడు.

పోకర్‌లో ఇది ఇంకా ఘోరం. ఫ్రీ టేబుల్ మీద మొదటి చేతికే నలుగురు ఆల్ ఇన్ కొడతారు, అంటే ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టేస్తారు. చిప్స్ అయిపోతే సైటు వాళ్లే మళ్లీ ఇస్తారు. ఎదుటివాడికి పోయేదేమీ లేనప్పుడు నీ బ్లఫ్‌కి (చెత్త ముక్కలతో పెద్ద పందెం వేసి బెదిరిస్తే) ఎందుకు భయపడతాడు? అక్కడ కూర్చుంటే చెడ్డ అలవాట్లే వస్తాయి. తప్పనిసరి పందెం 1 సెంటు, 2 సెంట్లుండే టేబుల్‌కి వెళ్లు. పూర్తి బై-ఇన్, అంటే కూర్చునేటప్పుడు కొనే చిప్స్, 2 డాలర్లే. 40 డాలర్లు వేసుకుంటే 20 సార్లు కూర్చోవచ్చు.

పేకముక్క:
డబ్బు లేని పేకాట ఉప్పు లేని పప్పు. రావు గారికే నా ఓటు.

లెక్కలమాస్టారు:
రావు గారూ, ఒక్క చోట అభ్యంతరం. 2 సెంట్ల టేబుల్ మీద మాత్రం జనం ఫోల్డ్ చేస్తున్నారా (ముక్కలు పడేసి తప్పుకుంటున్నారా)? నేను చూసినంతలో అక్కడా చెత్త ముక్కలు పట్టుకుని చివరిదాకా వస్తారు. మరి తేడా ఏముంది?

కొత్తవాడికి ముందు లెక్క రావాలి, దానికి డబ్బు అక్కర్లేదు. చేతిలో రెండు ఇస్పేట్లు, అందరికీ కలిపి బల్ల మీద తెరిచిన మూడు ముక్కల్లో రెండు ఇస్పేట్లు ఉన్నాయనుకో బాబూ. ఐదు ఇస్పేట్లయితే ఫ్లష్, దానికి ఇంకొకటి కావాలి. 13లో 4 కనబడ్డాయి, 9 మిగిలాయి. నీకు కనబడని ముక్కలు 47. తర్వాతి ముక్క ఇస్పేటయ్యే అవకాశం సుమారు 19 శాతం. పాట్‌లో (మధ్యలో పోగైన పందెంలో) 80 సెంట్లున్నాయి, ఎదుటివాడు 20 వేశాడు. 100 కోసం నువ్వు 20 పెడుతున్నావు, ఆరింట ఒకసారి గెలిచినా నష్టం లేదు. కాల్ చెయ్, అంటే నువ్వూ అంతే వేసి ఆటలో ఉండు. అదే అతను 80 వేశాడా, 160 కోసం 80 పెట్టాలి, మూడింట ఒకసారి గెలవాలి. ఆ ఒక్క ముక్క వరకే చూస్తే వదిలెయ్యాల్సిందే. ఇది తడుముకోకుండా వచ్చేదాకా ఫ్రీ టేబుల్ చాలు.

ఎడిసన్‌రావు:
మాస్టారూ, లెక్క కాగితం మీద ఎవరైనా చేస్తారు. డబ్బు పోతున్న టెన్షన్‌లో ఆ లెక్క గుర్తుండాలి కదా. అది ఫ్రీ టేబుల్ మీద ఈ జన్మకి రాదు.

లెక్కలమాస్టారు:
2 సెంట్లకి టెన్షన్ ఏమిటండీ? టెన్షన్ రావాలంటే వచ్చేంత డబ్బు పెట్టాలి. అప్పుడు మీరు చెప్పిన చిన్న మొత్తం ఎక్కడుంటుంది? పైగా నేనడిగినదానికి జవాబు రాలేదు. ఆ టేబుల్ మీద ఫోల్డ్ చేస్తారా, చెయ్యరా?

సుజాత_డాలస్:
ఫ్రీరోల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ప్రవేశ రుసుము ఉండదు, గెలిస్తే చిన్నదో పెద్దదో నిజం బహుమతి ఉంటుంది. మొదటి అరగంట గోలగోలగానే ఉంటుంది. తొందరపడేవాళ్లంతా వెళ్లిపోయాక మిగిలినవాళ్లు ఒళ్లు దగ్గర పెట్టుకుని ఆడతారు. నేను నేర్చుకున్నది అక్కడే. మా ఆయన ఫ్రెండ్స్ నన్ను టేబుల్ దగ్గర కూర్చోనిచ్చేవాళ్లు కాదు, సలహాలు మాత్రం ఇచ్చేవాళ్లు.

కృష్ణాతీరం:
విజయవాడ నుంచి రాస్తున్నాను. ఇందాకటి నుంచి చదువుతుంటే కడుపు మండిపోతోంది. ఫ్రీ మంచిదా, సెంట్లు మంచివా అని వాదించుకుంటున్నారు, రెండూ ఒకే మెట్లదారి అని ఒక్కరూ అనడం లేదు. మా తమ్ముడు రమ్మీ యాప్‌లో ప్రాక్టీస్ టేబుల్‌తోనే మొదలెట్టాడు. వరసగా గెలిచాడు. "మీకు ఆట వచ్చేసింది, ఇంత బోనస్ ఇస్తున్నాం, క్యాష్ టేబుల్‌కి రండి" అని మెసేజ్. మొదట వంద రూపాయలే వేశాడు. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో నిషేధం వచ్చాక ఫోన్ లొకేషన్ మార్చి మరీ ఆడాడు. అమ్మ గొలుసు ఇప్పటికీ తాకట్టులోనే ఉంది.

ఎడిసన్‌రావు:
మీ ఇంట్లో జరిగింది విని బాధగా ఉంది. కానీ ఇక్కడ సంగతి వేరు. న్యూజెర్సీలో 2013 నుంచి ఆన్‌లైన్ పోకర్ చట్టబద్ధం. వారానికి ఇంతకి మించి వెయ్యనివ్వొద్దని మనమే పరిమితి పెట్టుకోవచ్చు. ఇది నైపుణ్యం ఆట. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆటేనని 1967లో సుప్రీంకోర్టే చెప్పింది, అదీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో. 2003లో క్రిస్ మనీమేకర్ 86 డాలర్ల ఆన్‌లైన్ టోర్నమెంట్‌తో మొదలుపెట్టి లాస్ వేగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్ మెయిన్ ఈవెంట్ గెలిచాడు, 25 లక్షల డాలర్లు. చిన్న మొత్తంతో మొదలుపెట్టడం తప్పెలా అవుతుంది?

కృష్ణాతీరం:
ఆ ఏడాది మెయిన్ ఈవెంట్‌లో 839 మంది కూర్చున్నారు. మీరు ఒక్కడి పేరు చెప్పారు. మా తమ్ముడూ ఇలాంటి పేర్లే చెప్పేవాడు.

మోడరేటర్:
ఇండియాలో ఉన్న సభ్యులకి గమనిక: తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో నిషేధం వచ్చింది. 2025 ఆగస్టులో కేంద్రం చేసిన చట్టం, నైపుణ్యమైనా అదృష్టమైనా, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ నిషేధించింది. ఈ చర్చ అమెరికాలో ఉన్న సభ్యుడి ప్రశ్న గురించే. సైట్ల లింకులు పెడితే తీసేస్తాం.

ఎడిసన్‌రావు:
కృష్ణాతీరం గారూ, మీ తమ్ముడి తప్పు నా నెత్తిన వెయ్యకండి. ఇన్నేళ్లుగా ఆడుతున్నాను, ఒక్క నెల కూడా నా హద్దు దాటలేదు. అడిగినవాడికి ఆట ఎలా నేర్చుకోవాలో చెప్పాను, అంతే.

కృష్ణాతీరం:
మీ హద్దు మీకుంది, సంతోషం. ఈ అబ్బాయికి ఉందో లేదో మీకెలా తెలుసు? మీరు ఆడేవాళ్లను చూసి మాట్లాడుతున్నారు. పోగొట్టుకున్నవాళ్లు ఇక్కడికొచ్చి సలహాలు రాయరు. నాకు పేకాట మీద కోపం లేదండీ. సంక్రాంతికి మా పెద్దనాన్న వాళ్లింట్లో డబ్బులకే ఆడతాం. తెల్లారేసరికి ఆట అయిపోతుంది, ఎవరెంత పోగొట్టుకున్నారో ఇల్లంతటికీ తెలుస్తుంది. ఫోన్‌లో ఆట అయిపోదు, ఎవరికీ తెలియదు. నా గొడవ అదీ.

సుజాత_డాలస్:
ఇది మొదట్లోనే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదు. ఫ్రీనా డబ్బా అన్నది మీకు అసలు ప్రశ్నే కాదన్నమాట, ఇంట్లోనా ఫోన్‌లోనా అన్నది.

కృష్ణాతీరం:
అవునమ్మా.

ఎడిసన్‌రావు:
అక్కడే నేను ఒప్పుకోను. ఇంట్లో ముక్కలు పంచి ఆడితే గంటకి పాతిక చేతులు (పంపకాలు) రావడం గొప్ప. ఆన్‌లైన్‌లో ఒక్క టేబుల్ మీదే అరవై, డెబ్బై వస్తాయి. నేర్చుకోవాలంటే చేతులు ఎక్కువ ఆడాలి. ఈ లెక్కన శనివారాలు మాత్రమే ఆడితే వీడికి ఆట ఎప్పటికి రావాలి?

కృష్ణాతీరం:
గంటకి అరవై చేతులంటే పోగొట్టుకునేదీ అంతే జోరుగా ఉంటుంది. నెమ్మదిగానే రానివ్వండి.

లెక్కలమాస్టారు:
ఫోల్డ్ ప్రశ్నకి జవాబు ఇంకా రాలేదు.

కొత్తచేయి:
అందరికీ థ్యాంక్స్. మాస్టారి లెక్క చేతికొచ్చేదాకా ఫ్రీ టేబుల్ మీదే ఆడతాను. సైట్లో కార్డు నంబరు ఇవ్వను. తర్వాత శనివారం ఆటకి 20 డాలర్లు పట్టుకుని వెళ్తాను.

సుజాత_డాలస్:
తమ్ముడూ, అక్కడ రీబై ఉందా కనుక్కున్నావా? చిప్స్ అయిపోయాక మళ్లీ కొనుక్కోనిస్తే 20 డాలర్ల ఆట అనడానికి లేదు. మా ఊళ్లో అలా ఒకే రాత్రి నాలుగుసార్లు కొన్నవాళ్లున్నారు.

కొత్తచేయి:
ఇప్పుడే అడిగానక్కా. ఎన్నిసార్లైనా కొనుక్కోవచ్చట. నేను మాత్రం ఒక్కసారే కొంటానని గ్రూపులో పెట్టేశాను.

ఎడిసన్‌రావు:
ఒక్కసారే అయితే మొదటి గంట పెద్ద చేతులు తప్ప ఏదీ ఆడకు. మిగతావాళ్లు ఏ ముక్కలతో వస్తున్నారో చూస్తూ కూర్చో. అయినా నా మాట నాదే, ఫ్రీ టేబుల్ మీద గడిపిన టైమంతా వేస్టు.