మ్యూజియంలో ఈజిప్ట్ కుండ మీద ఇంకుతో నంబర్ ఎందుకు రాశారు? అసలు ఇవన్నీ లండన్‌కి ఎలా వచ్చాయి?

థేమ్స్‌ఒడ్డు:
అందరికీ నమస్తే. మొన్న శనివారం మా అమ్మాయిని తీసుకుని లండన్‌లో పెట్రీ మ్యూజియంకి వెళ్లాను, యూనివర్సిటీ కాలేజీ లోపల ఉంటుంది, చూడ్డానికి చిన్నదే గానీ దాదాపు 80,000 వస్తువులున్నాయంట. అక్కడ ఒక కుండ ఉంది, ఒళ్లంతా ఎరుపు, మూతి దగ్గర మాత్రం మసి పూసినట్టు నలుపు, దాని మీద నల్ల ఇంకుతో ఏదో నంబర్. "నాన్నా, ఇంత పాతదాని మీద ఎవరు రాశారు, తప్పు కదా" అని అడిగింది, నా దగ్గర జవాబు లేదు. ఇంకోటి, ఇవన్నీ ఎత్తుకొచ్చారా, కొన్నారా, లేక వాళ్లే ఇచ్చారా? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

మట్టిపొర:
పాప మంచి ప్రశ్న అడిగిందండి. ఆ నంబర్ చాలావరకు సమాధి నంబర్ అయ్యుంటుంది. 1894-95లో ఫ్లిండర్స్ పెట్రీ అనే పురావస్తు శాస్త్రవేత్త (ఆ మ్యూజియం పేరు ఆయనదే) ఈజిప్ట్‌లో నఖాదా అనే చోట 2,000 పైగా సమాధులు తవ్వాడు, అలాంటి ఎరుపు నలుపు కుండలు అక్కడ కుప్పలుగా దొరికాయి. ఏ కుండ ఏ గుంతలోదో అక్కడికక్కడే దాని మీద రాసేసేవాళ్లు. అప్పటికి కార్బన్ డేటింగ్ (పాతవాటి వయసు లెక్కగట్టే పద్ధతి) లేదు, ఆ కుండల మీద అక్షరం ముక్క లేదు. పెట్రీ ఏం చేశాడంటే తర్వాత 900 సమాధులు తీసుకుని ఒక్కోదానికి ఒక్కో అట్టముక్క పెట్టి, అందులో ఏ రకం కుండలు కలిసి దొరికాయో రాసుకుని, ఆ ముక్కల్ని అటూ ఇటూ జరుపుతూ ఏది ముందు ఏది వెనక అని వరస పేర్చాడు. ఆ వరస నంబర్లని 30 నుంచి మొదలుపెట్టాడు, ఇంకా పాతవి రేపు ఎవరికైనా దొరికితే వాటికి చోటుండాలని! నాకు ఇది ఎప్పుడు తల్చుకున్నా ముచ్చటేస్తుంది. కుండ మీద రాసిన ఆ సమాధి నంబర్ చెరిగిపోతే మాత్రం అది ఉత్త కుండ.

తవ్వింది మాత్రం పెట్రీ ఒక్కడే కాదు, కుఫ్త్ అనే ఊరి కూలీలు, వాళ్ల చేతి నైపుణ్యం అంత గొప్పది. దొరికిన వస్తువుని వాళ్లు బయట వ్యాపారికి అమ్ముకోకుండా పెట్రీ దాని విలువకి తగ్గట్టు కూలి పైన డబ్బులిచ్చేవాడు, దాన్ని బక్షీసు అనేవాళ్లు, మనం అనే మాటే.

నల్లరేగడి:
ఎలా వచ్చాయి అన్నదానికి నేను చెప్తా. ఎక్కువ భాగం దొంగతనం కాదు, వాటాలు. 1858లో ఈజిప్ట్‌లో మారియెట్ అనే ఫ్రెంచ్ ఆయన కింద పురావస్తు శాఖ పెట్టారు. తర్వాత తర్వాత పద్ధతి ఏమైందంటే, సీజన్ చివర్లో దొరికినవన్నీ పరిస్తే కైరో మ్యూజియం కావలసినవి ముందు తీసుకుని మిగతావి తవ్వినవాళ్లకి ఇచ్చేది. తవ్వకాలకి డబ్బు పెట్టింది చందాదారులు, ఉదాహరణకి మాంచెస్టర్‌లో జెస్సీ హావర్త్ అనే పత్తి వ్యాపారి పెట్రీకి సాయం చేశాడు, అందుకే ఆ ఊరి మ్యూజియంలో అంత సరుకుంది. రోసెట్టా రాయి (మూడు లిపుల్లో రాత ఉన్న ఈజిప్ట్ రాయి) కథ వేరు, 1799లో ఫ్రెంచ్ సైన్యానికి దొరికింది, 1801లో వాళ్లు లొంగిపోతే బ్రిటిష్‌వాళ్లు లాక్కున్నారు.

1922లో టుటన్‌ఖమన్ అనే ఈజిప్ట్ రాజు సమాధి బయటపడ్డాక రూల్స్ బిగించారు, ఆ 5,000 పైచిలుకు వస్తువుల్లో వాటా ఇవ్వలేదు. 1983 చట్టంతో ఇక పురావస్తువులన్నీ ప్రభుత్వ ఆస్తి, అమ్మకాలు బంద్.

గోల్కొండపిల్ల:
@నల్లరేగడి వాటాలు అన్నారు సరే, కానీ పంచింది ఎవరండి? 1882 నుంచి ఈజిప్ట్ బ్రిటిష్‌వాళ్ల చేతిలో, పురావస్తు శాఖ పెద్దలు 1952 దాకా ఫ్రెంచ్‌వాళ్లే. ఇంటివాళ్లని అడక్కుండా చుట్టాలు ఆస్తి పంచుకున్నట్టు. ఈజిప్ట్ రాణి నెఫెర్టిటి శిల్పం 1912 డిసెంబర్‌లో దొరికింది, మరుసటి నెలలో పంపకాల్లో జర్మనీకి పోయింది, 1924లో బెర్లిన్‌లో జనానికి చూపించాక ఈజిప్ట్ అడగడం మొదలెట్టింది, ఇంకా అడుగుతూనే ఉంది.

నా అసలు బాధ ఏంటంటే ఒకే సమాధిలో పక్కపక్కన పెట్టిన కుండ ఒక దేశానికి, పూసలు ఇంకో దేశానికి పోయాయి. వాటా తీసుకున్నవాళ్లైనా సరిగ్గా ఉంచారా? 2014లో అమెరికాలో సెయింట్ లూయిస్‌లో ఒక పురావస్తు సొసైటీ, 1914లో ఈజిప్ట్‌లోని హరగేలో తవ్విన సమాధి నగల్ని వేలానికి పెట్టింది, గొడవైతే ఆపి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంకి అమ్మారు. వాటాగా వచ్చింది కాదు గానీ, అదే ఏడాది ఇంగ్లండ్‌లో నార్తాంప్టన్ కౌన్సిల్‌వాళ్లు తమ మ్యూజియంలోని సెఖెమ్కా అనే పాత ఈజిప్ట్ అధికారి విగ్రహాన్ని 1.57 కోట్ల పౌండ్లకి వేలంలో అమ్మేశారు, కొన్నదెవరో పేరు బయటపెట్టలేదు.

మన హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో మమ్మీ చూశారా? ఆరో నిజాం అల్లుడు కొన్నారు, ఏడో నిజాం 1930లో మ్యూజియంకి ఇచ్చారు. పురుగు, బూజు పట్టకుండా ఇప్పుడు నైట్రోజన్ నింపిన గాజు పెట్టెలో ఉంచారు, మంచి పనే. ఒక ఆడపిల్లది అది. కొన్న కథ అందరూ చెప్తారు గానీ, ఏ సమాధిలోంచి తీశారు, పక్కన ఏం పెట్టారు అన్నది నేను చూసినప్పుడు బోర్డు మీద ఎక్కడా లేదు. ఆ కుండకున్న నంబర్ కూడా ఆ పిల్లకి లేకపోయిందే అని చాలాసేపు అక్కడే నిలబడ్డాను.

థేమ్స్‌ఒడ్డు:
అందరికీ చాలా థ్యాంక్స్. గోల్కొండపిల్ల గారు, మీ చివరి పేరా మా అమ్మాయికి చదివి వినిపించా, చాలాసేపు ఏం మాట్లాడలేదు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, ఈసారి నంబర్ ఫోటో తీసి పెడతా.

మట్టిపొర:
తీసేటప్పుడు చూసుకోండి, యూసీ అని మొదలయ్యేది మ్యూజియం వాళ్ల నంబర్, దాంతో ఆన్‌లైన్ క్యాటలాగ్‌లో వెతకొచ్చు. పెట్రీ మనుషులు రాసింది వేరేగా ఉంటుంది, నాకు కావలసింది అది.