చిత్రికకందని గాడి: గాడా, గాటా?

ఎదురునార: ఒక పాదం ముక్క వారం రోజులుగా బుర్ర తొలిచేస్తోంది. "... చిత్రికకందని గాడి ..." అని. ముందేముందో వెనకేముందో గుర్తు లేదు. ఏదో పాత పత్రికలో సమీక్షకుడు ఎత్తి రాసినట్టు లీలగా జ్ఞాపకం. గాడేనా, గాటా? చిత్రిక వడ్రంగి పనిముట్టు, చిత్రిక పట్టడమంటే చెక్కను నునుపు చేయడం కదా, దానికి గాడితో ఏం పని? ఎవరికైనా తగిలిందా?

యతిమైత్రి: ఎవరిదో తెలియకపోయినా నడక చెప్పేస్తోంది. "చిత్రిక", "కందని" రెండూ భగణాలు, నాలుగేసి మాత్రలు. మూడోది "గాడి" అయితే మూడే మాత్రలు, కుంటుతుంది. "గాటున" అయితే చక్కగా కూర్చుంటుంది. నా ఓటు గాటుకే.

నిఘంటువు పురుగు: పాదం అక్కడితో ఆగిందని మీకెవరు చెప్పారు మాస్టారూ? ఆయన వెనక చుక్కలు కూడా పెట్టారు. "గాడిని" అన్నా నాలుగే, "గాడులు" అన్నా నాలుగే. పైగా అర్థం చూడండి. గాటు దెబ్బకు పడేది, పొడుగు లేనిది. గాడి పొడుగునా సాగేది. చిత్రిక పొడుగునా నడిచే పనిముట్టు. దానికి అందాల్సిందీ అందనిదీ గాడే.

సానరాయి: మాత్రల సంగతి మీరు తేల్చుకోండి. "గాడితో ఏం పని" అన్నచోట మాత్రం ఆగాలి. ఇంగ్లండులో, అమెరికాలో వంద నూటయాభై ఏళ్ల కిందటి వడ్రంగి పెట్టె తెరిస్తే నునుపు చేసే చిత్రికలు మూడో నాలుగో ఉంటాయి. మిగతావన్నీ గాడి తీసేవి, మెట్టు కొట్టేవి, అంచుకు వంపు తెచ్చేవి. గాడులు కోసే విద్యుత్ మిషన్, రౌటర్ అంటారు, అది వచ్చాక మూలపడ్డవి అవే.

వాటిలో గాడి అడుగును చదును చేసేది ఒకటుంది, స్టాన్లీ కంపెనీ 71 నంబరు. అలుగు, అంటే చెక్కను కోసే ఇనుప రేకు, "ఎల్" ఆకారంలో కిందికి దిగి ముందుకు వంగి ఉంటుంది. రెండు పిడులు పట్టుకుని తోస్తే, పలక పైతలానికి సమాంతరంగా గాడి అడుగు తేలుతుంది. మామూలు చిత్రిక గాడిలోకి దిగదు, ఇది దిగుతుంది. కాబట్టి "చిత్రికకందని గాడి" అన్న కవికి ఈ చిత్రిక తెలిసి ఉండదు.

ఎదురునార: అది ఇప్పటికీ పనికొస్తుందా, గాజు బీరువాలో పెట్టుకోవడానికేనా?

సానరాయి: పాత చిత్రికల్లో ఇవాళ రోజూ చేతిలో ఉండాల్సింది ఏదంటే ఇదే. తలుపుకు మడతబందు కూర్చునే గుంట తీసుకోండి. చుట్టూ కత్తితో గీత కోయాలి, పెన్సిలు గీత చాలదు. లోపలి చెక్కను ఉలితో ముక్కలుగా లేపాలి, చివరి ఒక మిల్లీమీటరు వదిలేయాలి. అలుగును కొంచెం కొంచెంగా మడతబందు రేకు మందందాకా దించుతూ ఆ మిగిలింది ఈ చిత్రికతో తీయాలి. ఒకేసారి అర మిల్లీమీటరు మించి దించితే అలుగు చెక్కలోకి తవ్వుకుపోతుంది. ఇంకో తప్పు అలుగును పట్టి ఉంచే మర బిగించకపోవడం. అలుగు ముందుకు వంగి ఉంటుంది కదా, చెక్క దాన్ని కిందికి లాగుతుంది. మర వదులైతే తోసేకొద్దీ జారి గుంట ఒక చివర లోతుగా తేలుతుంది, తలుపు గుమ్మాన్ని రాసుకుంటుంది.

మిషన్ రౌటర్‌తో తీసిన గాడి అడుగున మిగిలే మెట్లను సరిచేయడానికి కూడా దీన్ని మించింది లేదు.

పాతబస్తీ రందా: మా దిక్కు చిత్రిక అనేటోళ్లే తక్కువ. రందా అంటరు, గంతే. గాడి తీసేదాన్ని జిర్రీ రందా, మెట్టు కొట్టేదాన్ని పతాం, వంపు తెచ్చేదాన్ని గల్తా. ఒక్కో పనికి ఒక్కో పేరుంది. మీ చిత్రికకు ఇన్ని పిల్లలు లేవు గద.

నిఘంటువు పురుగు: రందా పారశీకం. అక్కడ కూరలు తురిమే పీటకూ అదే మాట. పేర్లు ఎన్నైనా ఉండనివ్వండి, కవిత్వంలో రందా పట్టిన వాక్యం అని ఎవరూ అనలేదు.

పాతబస్తీ రందా: అనకపోతే ఇప్పుడంటం.

యతిమైత్రి: గల్తా మాట వచ్చింది కాబట్టి ఎప్పటినుంచో దాచుకున్న ఊహ ఒకటి బయటపెడతాను. చిత్రిక "చిత్ర" నుంచే వచ్చింది. నునుపు చేసేది కాదు, అంచు మీద వంపులు తీర్చేది, అంటే చిత్రం గీసేది. అసలర్థం గల్తా. నునుపు తర్వాత అంటుకున్న అర్థం.

నిఘంటువు పురుగు: ఇదే భయపడ్డాను. తెలుగులో చిదురు, చిదుక, చిదురుపలు, చిద్రుపలు అన్నీ ముక్కల కుటుంబం. చిత్రిక ఆ కుటుంబంలోది. పొట్టు రాల్చేది చిత్రిక. వివాదం అంతా ఒక్క అక్షరం మీదే, మొదట్లో అది "ద్రి", తర్వాత "త్రి" అయింది. సంస్కృతం వాసన తగిలితే మనవాళ్లు ఒత్తి పలుకుతారు కదా.

యతిమైత్రి: ద్రి త్రి అయిన రుజువు ఒక్కటి చూపించండి. చిత్రవధను కూడా ముక్కల కుటుంబంలో వేసేస్తారా?

నిఘంటువు పురుగు: చిత్రవధ సంస్కృతం, దాని జోలికి పోను. రుజువు లేదు, ఊహే. మీదీ ఊహే.

హోసూరు తెలుగు: పక్కిళ్లలోకీ తొంగి చూడండి. తమిళంలో ఇళైప్పుళి, సీవుళి. కన్నడంలో కీసుళి. మూడింటి చివరా ఉళి ఉంది, మన ఉలే. వాళ్లకు చిత్రిక ఉలి జాతిది. మలయాళంలో మాత్రం చింతేరు, అది ఉలి జాతి కాదు. మన చిత్రికకు చుట్టం అక్కడ దొరుకుతుందేమో.

నిఘంటువు పురుగు: చకారంతో మొదలైనవన్నీ చుట్టాలైతే చింతకాయా చుట్టమే. కానీ ఉళి సంగతి బాగుంది. తెలుగులో ఉలి లేకుండా ఇంకో పేరు కూడా ఉంది, తోపడ. తోయడం నుంచి. తోపుడ అని కూడా వింటాం, నాకు "ప" సమ్మతం.

సానరాయి: తోపడ అనగానే పీపాలు చేసేవాళ్ల చిత్రిక గుర్తొస్తుంది. ఐదారు అడుగుల పొడుగు, తల్లకిందులుగా కాళ్ల మీద వాలుగా నిలబెడతారు. చిత్రిక కదలదు, పీపా బద్దను దాని మీద తోస్తారు. జపానువాళ్లు "కన్నా"ను తమవైపు లాగుతారు. ఇప్పుడు తోపడ ఏది, లాగుడ ఏది?

యతిమైత్రి గారి చిత్రం వాదనకు కొంత బలం ఇస్తాను. వంపుల చిత్రికలు జంటలుగా వస్తాయి, ఒకటి బోర్లా వంపు, ఒకటి వెల్లకిలా వంపు. పూర్తి వరస 18 జతలు, సగం వరస 9 జతలు. ఇప్పుడు అన్ని అక్కర్లేదు. పాత మండువా ఇంటి ద్వారబంధం మీద వంపుల పట్టీ రెండడుగులు చెదలు తినేసిందనుకోండి. రెండడుగుల కోసం మిషనుకు ప్రత్యేకంగా అలుగు చేయించడం దండగ. రెండు జతలు, ఒక మెట్టు చిత్రిక ఉంటే చాలు.

ముందు పాత పట్టీ అడ్డకోత ఆకారాన్ని కొత్త చెక్క రెండు చివరలా గీయాలి. మెట్టు చిత్రికతో మెట్లు మెట్లుగా తీస్తూ ప్రతి మెట్టు మూల గీతను తాకేదాకా రావాలి. ఆ తర్వాతే వంపు చిత్రిక. లోవంపు తీయాలంటే అది రెండు మెట్ల మూలల మీద ఆనాలి, పైవంపు తీయాలంటే మూల కొట్టేసిన ఏటవాలు మీద కూర్చోవాలి. ఒక్కచోటే ఆనితే పక్కకు జారుతుంది, వంపు పాములా మెలికలు తిరుగుతుంది. మొదలు కూడా ఇటునుంచి కాదు. దూరపు చివర జానెడు తోసి, ప్రతిసారీ కొంచెం వెనక్కి వస్తూ మొత్తం పొడుగు పట్టాలి. అలుగు వాలు సంగతి మర్చిపోవద్దు. మామూలు చిత్రికకు 45 డిగ్రీలు, వంపు చిత్రికలు సాధారణంగా 50కి చేస్తారు, గట్టి చెక్కకు 55, 60. మద్దిలాంటి అడ్డదిడ్డపు నారకు 45 పెడితే ప్రతి జానకూ చెక్క లేచిపోతుంది.

యతిమైత్రి: చూశారా, వంపు, జంట, వరస. ఇది చిత్రం గీయడం కాకపోతే ఏమిటి?

నిఘంటువు పురుగు: అది ఇంగ్లండు పెట్టె. మన మాటకు వాళ్ల పెట్టె రుజువు ఎలా అవుతుంది?

పాతబస్తీ రందా: అన్ని జతలెందుకు, అన్నీ చేసే ఇనుప రందా ఒకటుంటదట గద?

సానరాయి: అలాంటివి స్టాన్లీవి రెండు, 45 నంబరుది 1884లో వచ్చింది, 55 నంబరుది 1897లో. 55కు యాభైకి పైగా అలుగులు, దాన్ని ఒకే పనిముట్టులో చెక్క మిల్లు అని అమ్మారు. చూడ్డానికి అద్భుతం. లోపం ఎక్కడంటే దానికి అడుగు లేదు, రెండు సన్నటి ఇనుప పట్టీల మీద నడుస్తుంది. అలుగు ముందు చెక్కను నొక్కి పట్టే నోరు లేకపోవడంతో ఎదురు నార వచ్చిన చోట చించుకుపోతుంది. నార సాఫీగా ఉన్న మెత్తటి చెక్కలో నేరు గాడి తీయడానికి 45 నేటికీ మంచిదే. వంపులకు 55ను నమ్ముకుంటే బిగింపులు సరిచూసుకోవడంలోనే పూట గడిచిపోతుంది.

యతిమైత్రి: పనిముట్ల జాబితా అనగానే "ప్రతిజ్ఞ" మెదులుతోంది. శ్రీశ్రీ గొడ్డలి, రంపం, కొడవలి, నాగలి చెప్పాడు. చిత్రిక చెప్పలేదు. ఎందుకు?

ఎదురునార: ఛందస్సు కుదరకేమో.

యతిమైత్రి: అదే విచిత్రం. గొడ్డలి నాలుగు మాత్రలు, రంపం నాలుగు, కొడవలి నాలుగు, నాగలి నాలుగు. చిత్రికా నాలుగే! బాడిస నాలుగు, తోపడ నాలుగు, రందా కూడా నాలుగు. వడ్రంగి సంచి మొత్తం ఆ పాదంలో పడుతుంది. ఒక్క ఉలే పట్టదు.

నిఘంటువు పురుగు: సుత్తి కూడా పట్టదు, మూడే. కొడవలి ఉండి సుత్తి లేకపోవడానికి కారణం ఇదన్నమాట.

యతిమైత్రి: నవ్వులాటకు అన్నారు గానీ ఆలోచించాల్సిందే. నా లెక్కలో ఆ నాలుగూ కోసేవీ, నరికేవీ, దున్నేవీ. చిత్రిక చివర్లో వచ్చే పనిముట్టు, నగిషీ పనిముట్టు. ఆ గీతం ఊపులో నునుపుకు చోటు లేదు.

హోసూరు తెలుగు: ఇప్పుడే కదా చిత్రిక నునుపు కాదు, చిత్రం అన్నారు?

సానరాయి: నునుపు అన్న అర్థాన్ని పడగొట్టే చిత్రిక వేరే ఉంది. దాని పని గరుకు చేయడం. అలుగు దాదాపు నిలువుగా, 80 నుంచి 90 డిగ్రీల మధ్య నిలబడుతుంది. అలుగు ముఖం నిండా సన్నటి గాళ్లు ఉండడంతో మొనకు దువ్వెన పళ్లలా పళ్లు వస్తాయి. వెనీర్, అంటే పలుచటి చెక్క పొర, అంటించే ముందు పలకనంతా దీంతో గీరేవారు, జంతువుల తోలు కాచి చేసే వజ్రం బంక ఆ గీతల్లో పట్టుకుంటుందని. ఇప్పటి తెల్లబంకకు ఆ అవసరం లేదు, దానికి నున్నటి తలాలు దగ్గరగా కలవడమే కావాలి.

ఇప్పటి వాడుక వేరు. ఏ దిక్కున చిత్రిక పట్టినా లేచిపోయే ముడుల చెక్క ఉంటుంది చూడండి, దాన్ని దారికి తెచ్చేది ఇదే. ఒక మూల నుంచి ఏటవాలుగా, తర్వాత రెండో మూల నుంచి ఏటవాలుగా తోయాలి. ప్రతి పన్ను సన్నటి గీత మాత్రమే తీస్తుంది, నారను లేపేంత వెడల్పు దానికి లేదు. పలక చదునయ్యాక గీతల్ని గీకుడు రేకుతో తీసేస్తే సరి. సాన పట్టేటప్పుడు ఏటవాలు వైపే పట్టాలి. గాళ్లున్న వైపు రాయి మీద పెట్టారా, పళ్లు అరిగి మామూలు అలుగైపోతుంది.

నిఘంటువు పురుగు: బాగుంది. ఇకమీదట ఎవరి కవిత్వాన్నైనా చిత్రిక పట్టినది అని సమీక్షిస్తే ఏ చిత్రిక అని అడగాలి. దీనికి తెలుగు పేరు? పంటి చిత్రిక?

పాతబస్తీ రందా: గరుకు రందా.

యతిమైత్రి: గరుకు చిత్రిక అంటే వదతో వ్యాఘాతం, తన మాటను తానే కాదనుకోవడం. అందుకే అదే బాగుంది.

సానరాయి: పనిలో పనిగా ఇంకొకటి, గాడి మీదే కాబట్టి. పోతపనికి చెక్క అచ్చులు చేసేవాళ్ల చిత్రిక, స్టాన్లీ 57. దాని అడుగు చదునుగా ఉండదు, రెండు రెక్కలు లంబకోణంలో కలుస్తాయి, అలుగు మొన ఆ మూలలో ఉంటుంది. పలక మీద గాడి వెడల్పుకు రెండు గీతలు కొట్టి, మధ్య చెక్కను ముందే వేరే చిత్రికతో చాలావరకు తీసేయాలి. రెండు రెక్కలూ రెండు అంచుల మీద ఆనేలా పెట్టి తోస్తే మొన కచ్చితంగా అర్ధవృత్తం మీదే తిరుగుతుంది. అర్ధవృత్తంలోని కోణం లంబకోణం, బళ్లో చదివిన సిద్ధాంతమే. కొలబద్ద అక్కర్లేదు. సగం దాకా ఒక పక్క నుంచి తీసి, పలక తిప్పి మిగతా సగం. కొలత మొత్తం ఆ రెండు అంచుల మీదే ఆధారపడింది, అందుకని ఒక అంచు నలిగితే వంపు చెడుతుంది. గుండ్రటి కడ్డీని ఒడిసి పట్టే దిమ్మెలు చేయాలంటే ఇప్పటికీ ఇది ఉపాయమే.

ఎదురునార: అయ్యా, అన్నీ తెలిశాయి. గాడా, గాటా?

యతిమైత్రి: గాటున.

నిఘంటువు పురుగు: గాడిని.

హోసూరు తెలుగు: అచ్చుతప్పు ఏమో. "గడి" అయి ఉండొచ్చు కదా? కిటికీ గడి. మూలల్లోకి చిత్రిక దూరదు, అందుకే అందని గడి.

యతిమైత్రి: గడికి రెండే మాత్రలు!

సానరాయి: గడి అయితే దానికీ ఒక చిత్రిక ఉంది. అద్దాల కిటికీ పట్టీకి ఒక పక్క వంపు, రెండో పక్క అద్దం కూర్చునే మెట్టు ఒకే తోపులో తీస్తుంది. పట్టీ సన్నం కాబట్టి దాన్ని పట్టి ఉంచడానికి ముందు గాడి ఉన్న పలక ఒకటి చేసుకోవాలి ...

నిఘంటువు పురుగు: మళ్లీ గాడేనా!